వ్యాను కొలతకి కుట్టిన పరుపు

మా ఆయన కొలిచింది టేపుతో కాదు, జానలతో.
వెనక సీటు పీకేసిన పాత మారుతి వ్యానులో
చక్రాల గూళ్ళ దగ్గర వంపు తిప్పి,
స్టెప్నీ పక్కన బొద్దుగా, తలుపు దగ్గర పల్చగా
తనే ఏకిన దూదితో ఒక పరుపు కుట్టాడు.
లాలాపేటలో ఇంకెవరి మంచానికీ సరిపడని పరుపు.

మొదటి ఏడు దాని మీద పడుకునే
సూర్యలంకలో తెల్లారడం చూశాం.
తలుపు పక్కకి లాగితే సముద్రం.
చిన్నాడు కాశింపీరా కళ్ళు నులుముకుంటూ
"ఇదంతా ఎవరిది?" అన్నాడు.
"పెట్రోలు పోయించుకొచ్చినోళ్ళది" అన్నాడు వాళ్ళ నాన్న.
అప్పుడు నవ్వాం.

లెక్కలు నా దగ్గరుంటాయి,
బియ్యం డబ్బా మీద, పాత ఎల్లైసీ డైరీలో.
పాలు, చీటీ, కరెంటు, పెద్దదాని పాలిటెక్నిక్ బస్సు.
అన్నీ అయ్యాక ఒక గీత కొట్టి
దాని కింద "వ్యాను" అని రాసేదాన్ని.
ఆ గీత నెలనెలా కిందికి జారి జారి
ఈ ఏడు కాగితంలోంచే పడిపోయింది.

వెయ్యి పోయిస్తే ముల్లు ఉత్సాహంగా లేచేది.
ఇప్పుడు కాస్త కదిలి, ఎవరొచ్చారో చూసి,
మళ్ళీ పడుకుంటుంది.

పెట్రోలు బంకులోనే పెరిగితే బాగుండేది,
బంకు వైపు వెళ్ళకుండా ఊరుకునేవాళ్ళం.
అది టమాటా బండి మీద ఎక్కి ఇంటికొస్తుంది.
స్కూలు ఆటో అతని మొహమాటంలో,
"మీకు తెలియందేముందక్కా" అనే మాటలో ఉంటుంది.
ఆదోని నుంచి దూది తెచ్చే లారీ కిరాయిలో ఉంటుంది,
అంటే మేం అమ్మే పరుపులోనూ ఉంటుంది.
కొనేవాడు మటుకు లేడు.
వాడు ఫోములో పడుకుంటాడు, ఫోనులో కొంటాడు.

అరకు అనుకున్నది సాగర్ అయింది.
సాగర్ అనుకున్నది ఉప్పలపాడు అయింది.
చెరువు గట్టున నిలబడి
ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కొంగల్ని చూసి
పెద్దది షంషాద్ ఒకటే మాటంది:
"వీటికి మైలేజీ ఎంతో!"
తిరిగొస్తూ బ్రిడ్జి దిగుడులో
మా ఆయన ఇంజను కట్టేశాడు.
గుంటూర్లో వాలెక్కడుంది, మహా అయితే అరవై గజాలు.
ఆ అరవై గజాలూ ఎవరం మాట్లాడలేదు,
మాటలకి బరువు పెరుగుతుందన్నట్టు.

మాఘమాసపు ఎండలో మంగళగిరి పానకాలు వచ్చాడు.
చుట్టూ తిరిగాడు, టైరుని కాలితో తన్నాడు,
లోపలికి వంగి గ్యాసుపొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకున్నాడు.
చుట్టుగుంట దగ్గర ఇడ్లీ, పునుగులు అమ్ముతాడట.
ఇంజను స్టార్టు చేసి చూపిస్తానని మా ఆయన తాళం తీస్తే
చేయి పట్టుకుని ఆపాడు.
"నడిచే బండి కాదు బాబాయ్ నాక్కావలసింది,
నిలబడే బండి."
ఆ మాటకి మా ఆయన అడిగిన ధరలో
రెండు వేలు తనే తగ్గించాడు. ఎందుకో నేనడగలేదు.

పరుపు పానకాలుకి అక్కర్లేదన్నాడు.
ముందు గదిలో పరిచాం.
చక్రాలు ఉండాల్సిన చోట రెండు వైపులా
అర్ధచంద్రాల్లా గచ్చు కనిపిస్తుంది.
ఒకదాంట్లో మంచినీళ్ళ చెంబు, ఒకదాంట్లో ఫోను చార్జరు.
మొన్న మా ఆడపడుచు దాని మీద పడుకుని
మెడ పట్టేసి లేచింది. "ఇదేం కొలత వదినా?"
విప్పి మామూలు పరుపు కుడతానని
మా ఆయన రంజాను ముందు నుంచీ అంటున్నాడు.
సూది ఉంది, దారం ఉంది, తీరికా ఉంది.

రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో చిన్నాడు అడిగాడు,
"నానా, ఎక్కడిదాకా వచ్చాం?"
మా ఆయన అటు తిరిగి పడుకునే
"పొన్నూరు దాటాం, పడుకో" అన్నాడు.

పొన్నూరంటే రెండు లీటర్లు.
డైరీలో రాయలేదు.